బ్రోషర్‌లో గుర్రాలు, చీటీ మీద సెకన్లు

డ్రాగ్ స్ట్రిప్ అంటే కార్ల పరుగు పందేలకు వేసిన తిన్నటి దారి. దాని చివరి దాకా దూసుకెళ్లిన కారు పక్కదారిలో నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఆ పక్కదారి మధ్యలో ఒక చిన్న గది ఉంటుంది. కారు అక్కడ ఆగగానే కిటికీలోంచి ఒక చెయ్యి చిన్న కాగితం అందిస్తుంది. చూడటానికి కిరాణా కొట్టు బిల్లులా ఉంటుంది. అమెరికాలో 1960ల నాటి మజిల్ కార్లను, అంటే మామూలు కారులో పెద్ద ఇంజిన్ పెట్టి అమ్మిన బండ్లను, వారాంతాల్లో స్ట్రిప్‌కి తీసుకెళ్లేవాళ్లు డబ్బు, సెలవులు, చేతివేళ్ల చర్మం ఖర్చు పెట్టేది ఈ కాగితం కోసమే. వాళ్లు దీన్ని టైమ్ స్లిప్ అంటారు. మనం చీటీ అనుకుందాం.

చీటీ మీద ఏడెనిమిది అంకెలుంటాయి. పెద్ద వి8 ఇంజిన్ ఉన్న 1970 నాటి కారు, మామూలు టైర్ల మీద, కొత్త డ్రైవర్ చేతిలో పరుగెత్తిందనుకుంటే అవి సుమారుగా ఇలా ఉంటాయి. రియాక్షన్ 0.612. మొదటి 60 అడుగులు 2.21 సెకన్లు. ఎనిమిదో వంతు మైలు, అంటే 660 అడుగులు, 9.15 సెకన్లు. పావు మైలు, అంటే 1,320 అడుగులు, 14.15 సెకన్లు. గీత దాటేటప్పుడు వేగం గంటకు 99 మైళ్లు.

చూసేవాళ్ల కళ్లు ముందు 14.15 మీద పడతాయి. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం మొదటి 60 అడుగులనూ చివరి వేగాన్నీ పక్కపక్కన పెట్టి చదువుతారు. చివరి వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది. మొదటి 60 అడుగులు ఆ బలంలో ఎంత నేలకు దిగిందో చెబుతాయి. 99 మైళ్ల వేగం అందుకోగల కారు పావు మైలును 13.7 సెకన్ల దగ్గర ముగించాలి. ఈ చీటీలో అర సెకనుకు దగ్గరగా పోయింది, దానికి మూలం బయల్దేరిన మొదటి రెండు సెకన్లలోనే ఉంది. అక్కడ పదో వంతు సెకను ఆదా చేస్తే చివర్లో దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఆదా అవుతుందని స్ట్రిప్ దగ్గర అందరికీ నోటికొచ్చిన లెక్క.

ఇంకో సంగతి కొత్తవాళ్లను తికమక పెడుతుంది. పచ్చదీపం వెలిగాక డ్రైవర్ రెండు సెకన్లు దిక్కులు చూస్తూ కూర్చున్నా 14.15 మారదు. ముందు చక్రం కాంతి కిరణాన్ని వదిలి కదిలినప్పుడే కారు గడియారం మొదలవుతుంది. దీపానికీ కదలికకూ మధ్య ఆలస్యం రియాక్షన్ కింద విడిగా పడుతుంది. అంటే ఒకే కాగితం మీద రెండు పరీక్షల మార్కులుంటాయి, ఒకటి కారుకి, రెండోది మనిషికి.

ఈ చీటీకి ఇంత విలువ ఎందుకో తెలియాలంటే ఆ కార్లను అమ్మిన పద్ధతి చూడాలి. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ తన కంపెనీలను రేసుల నుంచి తప్పుకోమంది. మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలను మించిన ఇంజిన్ పెట్టకూడదన్న హద్దు కూడా ఉండేది. జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్, ఆయన తోటి ఇంజినీర్లు ఈ హద్దులో ఒక సందు కనిపెట్టారు. నిబంధన కారు మోడల్‌కి వర్తిస్తుంది, కొనేవాడు అదనంగా కోరుకునే సామగ్రికి కాదు. దాంతో 1964లో టెంపెస్ట్ లెమాన్స్ కారుకి ఒక ఆప్షన్‌గా 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే 6.4 లీటర్లది, జీటీవో అన్న పేరుతో వచ్చింది. బ్రోషర్ ప్రకారం 325 హార్స్ పవర్. తొలి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. మిగతా కంపెనీలు చూస్తూ ఊరుకోలేదు. 1970కి షెవ్రొలే షెవెల్‌లో 454 క్యూబిక్ అంగుళాల ఎల్ఎస్6 ఇంజిన్ 450 గుర్రాలంటూ దిగింది.

ఈ గుర్రాల లెక్కే పెద్ద మాయ. అప్పటి కొలత పేరు గ్రాస్. ఇంజిన్‌ని కారులోంచి బయటపెట్టి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఇంజిన్ శక్తిని తినే ఇతర సామాన్లు చాలావరకు లేకుండా నడిపి కొలిచేవారు. 1972 నుంచి పరిశ్రమ నెట్ కొలతకు మారింది, అంటే ఇంజిన్ కారులో ఎలా ఉంటుందో అలా ఉంచి కొలవడం. 1971లో షెవ్రొలే రెండు అంకెలూ ఇచ్చింది. కార్వెట్‌లోని ఎల్ఎస్5 ఇంజిన్ గ్రాస్ లెక్కలో 365, నెట్ లెక్కలో 285. ఇంజిన్ అదే, బోల్టు కూడా మారలేదు. కాగితం మీద 80 గుర్రాలు మాయమయ్యాయి.

అలాగని బ్రోషర్లన్నీ ఎక్కువ చేసే చెప్పాయనుకుంటే పొరపాటు. కొన్ని కావాలనే తక్కువ చెప్పాయి. బీమా కంపెనీలు బలమైన కార్లకు, ముఖ్యంగా కుర్రాళ్లు కొంటే, ప్రీమియం విపరీతంగా పెంచాయి. రేసుల్లో కూడా బరువుకీ ప్రకటించిన హార్స్ పవర్‌కీ ఉన్న నిష్పత్తిని బట్టి తరగతి నిర్ణయించేవారు. కాబట్టి తక్కువ రాయడం రెండు విధాలా లాభం. 1969లో కేవలం 69 షెవ్రొలే కమారోలలో పెట్టిన అల్యూమినియం జెడ్ఎల్1 ఇంజిన్‌కి కాగితం మీద 430 గుర్రాలే, అసలు బలం 500 దాటేది.

నిజం ఎక్కడ దొరుకుతుంది? స్ట్రిప్ చివర్లో. కారు బరువు, చివరి వేగం తెలిస్తే బలాన్ని అంచనా కట్టే ఒక పాత సూత్రం ఉంది. హార్స్ పవర్‌ని పౌండ్లలో బరువుతో భాగించి, ఘనమూలం తీసి, 234తో గుణిస్తే గంటకు ఎన్ని మైళ్ల వేగం వస్తుందో తెలుస్తుంది. అదే సూత్రాన్ని తిరగేస్తే వేగం నుంచి బలం బయటపడుతుంది. 1970లో బ్యూక్ జీఎస్ స్టేజ్ 1 కారుని మోటార్ ట్రెండ్ పత్రిక పరీక్షించినప్పుడు పావు మైలు 13.38 సెకన్లు, చివరి వేగం 105.5 మైళ్లు వచ్చాయి. డ్రైవర్‌తో కలిపి 4,000 పౌండ్లు అనుకుంటే లెక్క 365 గుర్రాల దగ్గర తేలుతుంది. బ్యూక్ చెప్పింది 360. సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ బ్యూక్ చెప్పింది గ్రాస్ అంకె. కారులో బిగించాక అందులో ఐదో వంతు తగ్గాలి, అది తగ్గలేదు. పెద్దమనుషులు నడిపే కార్లకు పేరు పడ్డ కంపెనీ తన బలాన్ని అణకువగా చెప్పుకుందన్నమాట.

యాభై ఏళ్లు దాటిన కారుని ఇప్పటికీ స్ట్రిప్ మీద నిలబెట్టే కుతూహలం ఇదే. వేగమే కావాలంటే దీనంత చెత్త బేరం ఇంకోటి ఉండదు. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్ లాంటి విద్యుత్ కారు ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, పావు మైలు 9 సెకన్ల చిల్లరలో ముగిస్తుంది. దాని పక్కన 14 సెకన్ల పాత కారు చేసేదల్లా చప్పుడే. అయినా ఆ చప్పుడు చేసే కారులో ప్రతి పదో వంతు సెకను ఎక్కడ పోయిందో మనిషి చేత్తో వెతకొచ్చు, స్క్రూ డ్రైవర్‌తో సరిచేయొచ్చు.

వెతుకులాట దాదాపు ఎప్పుడూ టైరు దగ్గరే మొదలవుతుంది. ఎల్ఎస్6 షెవెల్‌కి ఫ్యాక్టరీ ఇచ్చినవి ఎఫ్70-14 సైజు టైర్లు. 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ మోపే బలాన్ని ఆ సన్న టైరు మోయలేదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పొగ, చప్పుడు, నల్లటి చారలు మిగులుతాయి, కారు మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే వరుసలో ముందుకొచ్చాక నీళ్లు పోసిన చోట వెనక చక్రాలను తడిపి, ముందు బ్రేకులు పట్టి తిప్పుతారు. దీన్నే బర్నౌట్ అంటారు. ప్రేక్షకులకు ఇది ఆర్భాటంలా కనిపిస్తుంది. పని మాత్రం రబ్బరు పైపొరను శుభ్రం చేసి వేడెక్కించడం, అంతే. స్ట్రిప్ మొదటి భాగం మీద బంకలాంటి రసాయనం చల్లి ఉంటుంది. దాని మీద చెప్పులతో నడిస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలు ముందుకొస్తుంది. వేడెక్కిన రబ్బరు ఆ బంక మీద పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఆపై గాలి ఒత్తిడితో ఆట. రోడ్డు మీద ఉంచినంత గాలి ఉంచితే పట్టు తక్కువ, తగ్గిస్తూ పోతే ఒక దశ వరకు పట్టు పెరుగుతుంది, ఇంకా తగ్గిస్తే చివర్లో కారు ఊగిసలాడుతుంది. సరైన అంకె ఏ పుస్తకంలోనూ ఉండదు, చీటీలు పోగేసుకుని కనిపెట్టాల్సిందే.

టైరు పట్టాక సమస్య ఇరుసుకి చేరుతుంది. ఆ కాలపు క్రైస్లర్ కార్లకు వెనక ఉండేవి మన లారీలకున్నట్టే కమాన్ కట్టలు. ఇంజిన్ బలం చక్రాల్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు ఎదురు దిశలో మెలితిరగాలని చూస్తుంది. కమాన్ కట్ట ఎస్ అక్షరంలా వంగి, తిరిగి విదిలిస్తుంది, టైరు నేల మీద చిందులేస్తుంది. క్రైస్లర్ ఇంజినీర్లు దీనికి వేసిన మందు చాలా చవక. ఇరుసు మెడ మీద ఒక రబ్బరు దిమ్మ బిగించారు. ఇరుసు పైకి తిరగబోతే అది బండి అడుగుకి ఆనుకుని ఆగిపోతుంది. రేసుల కోసం కుడివైపు, ఎడమవైపు వేర్వేరు బిరుసు ఉన్న కమాన్ కట్టలు కూడా అమ్మారు. బయల్దేరేటప్పుడు షాఫ్ట్ మెలికకు కుడి వెనక చక్రం నేల వదలాలని చూస్తుంది, దాన్ని కిందకి అదిమి పెట్టడానికి ఈ తేడా. ఇలాంటి కారుని పక్కనుంచి చూస్తే కుడి మూల కాస్త ఎత్తుగా నిలబడి ఉంటుంది. తెలియనివాళ్లు స్ప్రింగు పాడైందనుకుంటారు.

ఇక్కడిదాకా కారు సంగతి. పక్క లేన్‌లో ఇంకో కారు నిలబడ్డాక పోటీ న్యాయంగా ఎలా జరుగుతుందన్న ప్రశ్న వస్తుంది. దీనికి దొరికిన జవాబు బ్రాకెట్ రేసింగ్. స్ట్రిప్ ఆటలన్నిటిలో తెలివైన ఆవిష్కరణ ఇదేననిపిస్తుంది. ప్రతి డ్రైవర్ తన కారు ఎన్ని సెకన్లు తీసుకుంటుందో ముందే ప్రకటించి, తెల్లటి షూ పాలిష్‌తో అద్దం మీద రాస్తాడు. దాన్ని డయల్-ఇన్ అంటారు. 14.20 రాసిన పాత ప్లిమత్ డస్టర్, 11.50 రాసిన కమారో ఎదురుపడితే డస్టర్‌కి పచ్చదీపం 2.70 సెకన్లు ముందు వెలుగుతుంది. ఇద్దరూ తాము రాసినట్టే పరుగెత్తితే గీత దగ్గర ముక్కూ ముక్కూ సమంగా వస్తాయి. మరి కావాలని ఎక్కువ సెకన్లు రాసి మోసం చేస్తే? రాసిన దానికన్నా త్వరగా ముగిస్తే ఓటమి. దీనికి బ్రేకౌట్ అని పేరు. అందుకే గెలుస్తున్నానని తెలిశాక చివర్లో బ్రేకు తొక్కే డ్రైవర్లు కనిపిస్తారు. వేగం పోటీలో బ్రేకు వేసి గెలవడం కొత్తగా చూసేవాళ్లకు వింతగా ఉంటుంది.

1963లో వాడుకలోకి వచ్చిన దీపాల స్తంభం, అంటే క్రిస్మస్ ట్రీ, లేకపోతే ఈ పద్ధతి ఇంత కచ్చితంగా సాగేది కాదు. అంతకుముందు జెండా ఊపే మనిషి ఉండేవాడు. స్తంభం మీద మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వరుసగా వెలుగుతాయి, ఇంకో అర సెకనుకి పచ్చ. పచ్చ చూశాక కదిలితే ఆలస్యమైనట్టే. చెయ్యి తిరిగినవాళ్లు చివరి పసుపు దీపానికే వదులుతారు. మరీ తొందరపడితే ఎర్రదీపం పడుతుంది, పోటీ అక్కడితో సరి.

బ్రాకెట్‌లో కావాల్సింది ఒకే అంకెని పదే పదే చూపించగల కారు. కొంచెం నెమ్మదైన, మూడు గేర్ల ఆటోమేటిక్ పెట్టుకున్న పాత కారు ఇందులో ఆశ్చర్యంగా రాణిస్తుంది. టైరు జారేంత బలం లేదు, గేరు తప్పే భయం లేదు. అడ్డు పడేది వాతావరణం ఒక్కటే. కార్బొరేటర్‌కి గాలిని కొలిచే సెన్సర్లుండవు. మధ్యాహ్నం వేడికి గాలి పలచబడితే ఇంజిన్ ఊపిరి తగ్గుతుంది. పొద్దున 14.05 పరుగెత్తిన కారు రెండు గంటలకు 14.25 చూపిస్తుంది, సాయంత్రం మళ్లీ కోలుకుంటుంది. ఎత్తు ప్రభావం ఇంకా ఎక్కువ. కొలరాడోలోని బాండిమీర్ స్పీడ్‌వే సముద్రమట్టానికి దాదాపు 5,800 అడుగుల ఎత్తులో ఉండేది. తీరప్రాంతంలో పదమూడున్నర సెకన్లు పరుగెత్తే కారుకి అక్కడ సుమారు ఒక సెకను ఎక్కువ పట్టేది.

పాత కార్ల మధ్యే నేరుగా, ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపంతో జరిగే పోటీలూ ఉన్నాయి. మిషిగన్ రాష్ట్రంలో స్టాంటన్ అనే చిన్న ఊరి దగ్గర 1990ల్లో ప్యూర్ స్టాక్ మజిల్ కార్ డ్రాగ్స్ పేరుతో ఒకటి మొదలైంది. కారు షోరూమ్‌లోంచి వచ్చినట్టే ఉండాలి. పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని తీసి రేసు హెడర్లు పెట్టకూడదు, టైరు ఆనాటి సైజుదే ఉండాలి. ముందు అందరి సమయాలు తీసి, దగ్గరి సమయాలున్న రెండేసి కార్లను జతచేసి మూడింట రెండు గెలిచినవాడిని విజేత అంటారు. దీనికి తోబుట్టువు లాంటి తరగతి ఫ్యాస్ట్. అక్కడ కారు ఫ్యాక్టరీ కారులా కనిపిస్తే చాలు, లోపల ఏముందో ఎవరూ అడగరు. సన్న టైర్ల మీద, సైలెన్సర్ల గొణుగుడుతో ఆ కార్లు 10 సెకన్లలో పావు మైలు దాటేస్తాయి. పెళ్లి భోజనానికి అత్తరు పూసుకుని వచ్చిన పహిల్వాన్‌లా ఉంటుంది ఆ దృశ్యం.

ఫ్యాక్టరీలే రేసు కోసం చేసిన కార్ల సంగతి వేరు. 1968లో క్రైస్లర్ సుమారు 150 డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారకుడా కార్లలో 426 హెమీ ఇంజిన్ బిగించింది. వెనక సీటు తీసేశారు, బానెట్ ఫైబర్‌తో చేశారు, కిటికీ అద్దం ఎత్తడానికి హ్యాండిల్ బదులు ఒక పట్టీ ఇచ్చారు. రోడ్డు మీద వాడటానికి చేసింది కాదని, వారంటీ లేదని చెప్పే స్టిక్కర్ కూడా అతికించారు. అవి ఇప్పటికీ ఇండియానాపోలిస్‌లో తమ సొంత తరగతిలో తలపడతాయి.

మామూలు అభిరుచి మనిషిని వేధించే ప్రశ్న వేరే ఉంది. ఈ కారుని అసలు పరుగెత్తించవచ్చా? హెమీ ఇంజిన్ పెట్టిన 1971 బారకుడాల్లో, అంటే హెమీ కుడాల్లో, పైకప్పు మడిచే కన్వర్టిబుల్స్ 11 మాత్రమే తయారయ్యాయి, వాటిలో ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. ఆ స్థాయి కారు స్ట్రిప్ మొహం చూడదు. అంత ఖరీదు లేని కార్లకూ చిక్కు తప్పదు. బాడీ నంబరూ ఇంజిన్ నంబరూ కలిస్తే ఒక ధర, కలవకపోతే చాలా తక్కువ ధర. ఒక కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకు పక్కగోడ చీల్చుకుని బయటికొస్తే, విలువలో పెద్ద భాగం ఆ కన్నంలోంచే కారిపోతుంది. అందుకని చాలామంది అసలు ఇంజిన్‌ని ఊడదీసి గ్యారేజీలో స్టాండు మీద గుడ్డ కప్పి ఉంచుతారు, కారులో అదే రకం వేరే బ్లాకు పెట్టుకుని పరుగెత్తిస్తారు. అమ్మే రోజున ఇంజిన్ మళ్లీ ఇంటికి చేరుతుంది. దీన్ని కపటం అనలేం, పెళ్లి నగలు లాకర్లో పెట్టి గిల్టు నగలతో ఊరెళ్లడం లాంటిదే.

విరిగేవి ఎలాగూ విరుగుతాయి. టైరు పట్టు పెంచిన రోజే యూనివర్సల్ జాయింట్, క్లచ్, ఇరుసు బలహీనతలు బయటపడతాయి. జారే టైరు ఇన్నాళ్లూ ఫ్యూజులా పనిచేసిందని అప్పుడు అర్థమవుతుంది. పెట్రోలూ నూనే కూడా మారిపోయాయి. అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు 1996 నుంచి పూర్తిగా ఆగిపోయింది. 11 దాటిన కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కి బంకు పెట్రోలు పోస్తే టక్కుటక్కుమనే నాకింగ్ మొదలవుతుంది. టైమింగ్ తగ్గించుకోవాలి, లేదా డ్రమ్ముల్లో దొరికే రేసు పెట్రోలు కొనుక్కోవాలి. కొత్త ఇంజిన్ ఆయిళ్లలో జింక్ పాళ్లు తగ్గించారు, దాంతో ఆ కాలపు క్యామ్ షాఫ్ట్‌లు తొందరగా అరిగిపోతాయి. జింక్ ఎక్కువున్న నూనె డబ్బా ఈ కార్ల డిక్కీలో తప్పకుండా కనిపిస్తుంది.

భద్రతా నిబంధనలు ఈ అభిరుచికి మంచి లగామే వేశాయి. నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, అంటే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, నియమాల ప్రకారం పాత కారు పావు మైలుని 13.99 సెకన్లలో, అంతకన్నా త్వరగా ముగిస్తే హెల్మెట్ తప్పనిసరి. 11.49 లేదా అంతకన్నా త్వరగా అయితే రోల్ బార్, అంటే కారు బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప కమ్మీ, బిగించాలి. 9.99 లేదా అంతకన్నా త్వరగా అయితే పూర్తి ఇనుప పంజరం, పోటీ లైసెన్సు కావాలి. రోల్ బార్ అంటే కారు అడుగు రేకుకి వెల్డింగ్ చేయాలి లేదా కన్నాలు పెట్టి బిగించాలి, వెనక సీటు దాదాపు వదులుకోవాలి. అందమైన పాత కారులో ఆ పని చేయడానికి చేతులు రావు. దాంతో 11.50 దగ్గర ఒక కనపడని గోడ ఏర్పడింది. ఇంకా వేగం వచ్చే అవకాశం ఉన్నా అక్కడ ఆగిపోయినవాళ్లు చాలామంది.

ఈ క్రమశిక్షణ మొదటి నుంచీ ఉన్నదే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రాళ్లు రోడ్ల మీద పందేలు పెట్టుకుని ప్రాణాలు తీసుకుంటుంటే, వాళ్లను విమానాల రన్‌వేల మీదికి మళ్లించే ప్రయత్నాలు మొదలయ్యాయి. 1950లో శాంటా అనాలో టికెట్ పెట్టి స్ట్రిప్ నడిపారు. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ స్థాపించారు. 1953లో పొమోనా ఫెయిర్‌గ్రౌండ్స్ పార్కింగ్ స్థలంలో ఆ సంస్థ తొలి పోటీ జరిగింది. దేశమంతా తిరిగి స్ట్రిప్‌లు ఎలా నడపాలో నేర్పిన తొలి బృందానికి నాయకత్వం వహించింది పొమోనా పోలీసు శాఖకు చెందిన బడ్ కూన్స్. హైదరాబాద్‌లో అర్ధరాత్రి బైకు పందేలు, పోలీసు కేసుల వార్తలు చదివేవాళ్లకు ఈ కథలో మొదటి సగం బాగా తెలిసిందే. రెండో సగమే ఇక్కడ జరగలేదు.

అమెరికాలో ఆ రెండో సగం ఇప్పుడు వెనక్కి నడుస్తోంది. ఊళ్లకు దూరంగా కట్టిన స్ట్రిప్‌ల చుట్టూ ఇళ్లు వచ్చాయి, చప్పుడు మీద ఫిర్యాదులొచ్చాయి, భూమి ధర రేసు టికెట్లకు అందనంత పెరిగింది. తెలుగువాళ్లు గట్టిగా స్థిరపడ్డ న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి దాదాపు అరగంట దూరంలో, ఇంగ్లిష్‌టౌన్‌లో రేస్‌వే పార్క్ 1965 నుంచి నడిచింది. 2018 జనవరిలో అక్కడ డ్రాగ్ రేసులు ఆపేశారు. జార్జియాలోని అట్లాంటా డ్రాగ్‌వే 2021లో, హ్యూస్టన్ దగ్గర బేటౌన్‌లోని స్ట్రిప్, కొలరాడోలోని బాండిమీర్ 2023లో మూతపడ్డాయి.

దీని దెబ్బ ముందు తగిలేది పాత కారుకే. స్ట్రిప్ అరగంట దూరంలో ఉన్నప్పుడు కారుని రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్లి, అక్కడ టైర్లు మార్చి, నాలుగు పరుగులు తీసి, మళ్లీ నడుపుకుంటూ ఇల్లు చేరొచ్చు. మూడు గంటల దూరమైతే, స్ట్రిప్ కోసం ఇంజిన్‌ని ఎక్కువ చుట్లు తిప్పే గేర్లు పెట్టిన కారు హైవే మీద నిమిషానికి 3,500 చుట్లతో రొదపెడుతూ వెళ్లలేదు. ట్రైలర్ కావాలి, దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు కావాలి, రెండూ నిలపడానికి పెరట్లో చోటు కావాలి. 2005లో మొదలైన డ్రాగ్ వీక్ లాంటి పోటీలు కారుని ట్రైలర్ మీద ఎక్కించకూడదని, ఒక స్ట్రిప్ నుంచి ఇంకో స్ట్రిప్‌కి కారుని నడిపించుకుంటూనే వెళ్లాలని షరతు పెట్టాయి. వాటిలో పాల్గొనేవాళ్లు అయిదు రోజులు, అయిదు చీటీలు, మధ్యలో వందల మైళ్ల రోడ్డు లెక్కేసుకుని, వెనక సీటు నిండా స్పానర్లు, ఫ్యాన్ బెల్టులు, జింక్ నూనె డబ్బాలు సర్దుకుని బయల్దేరతారు.